అనంతపురం ఎర్రనేలలో వ్యవసాయ క్యాంపస్: నీటి లెక్కల ప్రాజెక్టు డైరీ

కొత్తగా వ్యవసాయ క్యాంపస్ కడుతూ, బోర్డు మీద "సుస్థిర వ్యవసాయం" అని రాయించుకుని, చేతిలో ఎర్రమట్టి, సగం ఎండిన బోరు తప్ప ఇంకేమీ లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నా. శంకుస్థాపన, ఉపన్యాసాలు, మొదటి మొక్క నాటిన ఫోటోలు అన్నీ వదిలేశా. ఏది పని చేసింది, ఏది చెడింది, ఎంత ఖర్చైంది, ఎందుకు మార్చాం, అంతవరకే.

స్థలం ఉమ్మడి అనంతపురం జిల్లాలో. ఇక్కడ సగటు వాన ఏడాదికి దాదాపు 550 మి.మీ. అదీ నైరుతిలో కొంత, ఈశాన్యంలో కొంత, మధ్యలో పెద్ద ఖాళీలు. ల్యాండ్ టీమ్ చేతికి వచ్చింది 40 ఎకరాలు. పైన 6 ఎకరాల వాలు, మధ్యలో 9 ఎకరాల సాగు భూమి (ఏళ్ల తరబడి వేరుశనగ తప్ప ఇంకేదీ చూడని నేల), మిగతాది భవనాలు, రోడ్లు, బీడు.

మాస్టర్ ప్లాన్‌లో పనుల వరస ఇలా ఉండేది: రోడ్లు, భవనాలు, డ్రైనేజీ, ల్యాండ్‌స్కేపింగ్, అన్నిటికన్నా చివర "వర్షపు నీటి సంరక్షణ". కింద చదవబోయే కష్టాల్లో సగం ఆ వరస వల్ల వచ్చినవే. మీకు ఇంకా ప్లాన్ సంతకం కాకపోతే, ఆ చివరి లైను తీసి మొదట పెట్టించండి, మిగతా డైరీ చదవకపోయినా పర్లేదు.

దశ 0: కొలతలు

కొన్న సామాను: వాన కొలిచే గేజ్ ఒకటి, చేతిలో పట్టుకునే పీహెచ్ (పులుపు, క్షారం), ఈసీ (ఉప్పుల మోతాదు) మీటర్లు, బోరులో నీటిమట్టం చూసే టేపు, 6 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు. మట్టి నమూనాలు 12 చోట్ల తీసి ల్యాబ్‌కి పంపాం. సేంద్రియ కర్బనం సగటున 0.28 శాతం వచ్చింది. 0.5 కన్నా తక్కువైతే "తక్కువ" కిందే లెక్క, కాబట్టి ఆశ్చర్యం లేదు.

ల్యాబ్ రిపోర్టు కన్నా ఎక్కువ పనికొచ్చింది పైపు ముక్కతో చేసిన ఇంకుడు పరీక్ష. దీనికి ఖర్చు దాదాపు సున్నా.

1. 15 సెం.మీ. వ్యాసం ఉన్న పైపు ముక్కని నేలలోకి 7 సెం.మీ. దాకా దించండి. పైన చెక్క పెట్టి సుత్తితో కొట్టాలి, నేరుగా కొడితే పైపు పగులుతుంది.
2. లోపల పాలిథిన్ కవరు పరిచి 440 మి.లీ. నీళ్లు పోయండి. ఇది 2.5 సెం.మీ. వానతో సమానం.
3. కవరు మెల్లగా లాగేసి టైమ్ చూడండి. పైన మెరుపు పోయి మట్టి కనపడగానే ఆపండి.
4. అదే చోట మళ్లీ పోసి రెండోసారి వచ్చిన టైమ్‌నే రాసుకోండి. మొదటిసారి పొడి మట్టి ఆబగా తాగేస్తుంది, ఆ అంకె నమ్మొద్దు.

సాగు భూమిలో సగటు 19 నిమిషాలు. అదే పొలం గట్టు మీద పాత వేపచెట్టు కింద 3 నిమిషాలు. మట్టి ఒకటే, వాన ఒకటే, మధ్య దూరం పది అడుగులు. ప్రాజెక్టు మొత్తానికి లక్ష్యం అక్కడే దొరికింది: ఆ 19ని 3 వైపు జరపడం.

ఇంకో కొలత పరికరంతో దొరికేది కాదు. ఈ భూమిని ఒకప్పుడు కౌలుకు చేసిన పెద్దాయన ఇప్పుడు క్యాంపస్‌లోనే వాచ్‌మన్. సర్వే మ్యాపు చూపిస్తే చాలాసేపు చూసి, "గీతలు బాగుండాయి సార్, కానీ నీళ్లు వాటి మాట వినాల గదా. పెద్ద వాన పడితే అన్నీ ఆ కానుగ చెట్టు కాడికి వచ్చి, ఆడ్నుంచి వంకలోకి దిగతాయి" అన్నాడు. మ్యాపులో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) 1 మీటరు తేడాతో ఉన్నాయి, కానుగ దగ్గరి పల్లం అందులో కనపడనే లేదు. ఆయన మాట నోట్ చేసుకున్నాం. రోడ్డు వేసే ఇంజనీర్ల డ్రాయింగ్‌లోకి మాత్రం అది ఎక్కలేదు. దాని సంగతి దశ 2లో.

ఇప్పటిదాకా ఖర్చు: ₹18,500.

దశ 1: పై వాలులో కందకాలు

లెక్క ముందు. ఎకరం మీద 1 మి.మీ. వాన అంటే 4,047 లీటర్లు. 6 ఎకరాల మీద గంటలో 40 మి.మీ. కురిస్తే 971 ఘనపు మీటర్లు. అందులో 30 శాతం పారుతుందనుకుంటే 291 ఘ.మీ. ఒక్కో కందకం 3 మీ. పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు, అంటే 0.75 ఘ.మీ. మొత్తం ఆపాలంటే 388 కందకాలు కావాలి. డబ్బు 240కే సరిపోయింది, మిగతా నీళ్లు కుంటకి వదలాలని నిర్ణయం.

సమమట్టం గుర్తించడానికి ఏ-ఫ్రేమ్ వాడాం. ఫోన్ యాప్‌లు, ఉపగ్రహ మ్యాపులు ఇంత చిన్న వాలులో తేడా పట్టలేవు.

1. 2 మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుం ఎత్తులో అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారం వేలాడదీసి చివర రాయి కట్టండి.
2. ఎక్కడైనా నిలబెట్టి, దారం అడ్డకర్రని తాకిన చోట గీత పెట్టండి. కాళ్లు తారుమారు చేసి అదే రెండు బిందువుల మీద నిలబెట్టి రెండో గీత పెట్టండి. రెండు గీతల మధ్య బిందువే మీ సున్నా.
3. దారం సున్నా మీదికి వచ్చేలా ఒక కాలు తిప్పుకుంటూ నడవండి, కాలు ఆనిన ప్రతి చోటా సున్నం వేయండి.
4. గాలి ఉన్న రోజు చేయొద్దు. దారం ఊగుతుంటే ఒక్క గీత కూడా నమ్మలేరు.
5. ప్రతి 20 మీటర్లకి మేస్త్రి దగ్గరుండే ట్యూబ్ లెవల్‌తో (నీళ్లు నింపిన సన్నటి గొట్టం) సరిచూసుకోండి.

చెడింది ఇక్కడ: సున్నం గీత చూసి జేసీబీ ఆపరేటర్ ఆగకుండా 40 మీటర్లు ఒకే కాలువలా తవ్వుకుంటూ పోయాడు. ఆయనకి అది సులువు. గీతలో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు కాబట్టి, మొదటి గట్టి వానకి నీళ్లన్నీ పల్లంగా ఉన్న కొసకి చేరి కట్ట తెంచుకున్నాయి. ఒకటి తెగితే దాని కిందిది, దాని కిందిది, అలా నాలుగు వరసలు పోయాయి. పొడుగు కాలువ తీసిన చోటల్లా ప్రతి 3 మీటర్లకి మట్టి, రాళ్లు కూరి అడ్డుకట్టలు వేశాం. మిగిలిన చోట 3 మీటర్లు తవ్వి, అర మీటరు వదిలి, మళ్లీ తవ్వించాం. కింది వరస కందకం, పై వరసలో వదిలిన ఖాళీకి ఎదురుగా వచ్చేలా జరిపాం. జేసీబీతో పని చేయించేవాళ్లు గంట లెక్కన కాకుండా కందకం లెక్కన బేరం ఆడుకోండి, ఈ గొడవ ఉండదు.

తీసిన మట్టి కింది వైపే, కందకం అంచుకి ఒక జానెడు ఎడం వదిలి వేయాలి. అంచు మీదే పోస్తే మూడు వానల్లో మళ్లీ లోపలికే దిగుతుంది.

జేసీబీ 22 గంటలు × ₹1,300 = ₹28,600. కూలీలు ₹62,000. తెగినవాటి మరమ్మతు ₹14,000.

ఇప్పటిదాకా ఖర్చు: ₹1,23,100. నీరు నిలిపే జాగా: 1.80 లక్షల లీటర్లు.

దశ 2: రోడ్డు

దీని మీద ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే క్యాంపస్ కట్టే ప్రతిచోటా ఇదే జరుగుతుందని నా అనుమానం.

హాస్టల్‌కి వెళ్లే రోడ్డు వాలుకి అడ్డంగా పోతుంది. బురద కాకూడదని నేల కన్నా 45 సెం.మీ. ఎత్తు లేపి వేశారు. అడ్డంగా ఎత్తు లేపిన రోడ్డంటే అది ఆనకట్టే. నీళ్లు పోవడానికి ఒక్క 600 మి.మీ. సిమెంటు పైపు పెట్టారు, అదీ పని సులువుగా ఉన్న చోట, కానుగకి 60 మీటర్ల అవతల. సెప్టెంబరులో ఒక రాత్రి వానకి పైన చెరువులా నిలిచి, అంతా ఆ ఒక్క పైపులోంచి దూకింది. పొద్దున చూస్తే సాగు భూమిలో 30 మీటర్ల పొడుగున, 70 సెం.మీ. లోతు గండి. పోయిన పైమట్టికి ఏ బిల్లులోనూ లెక్క రాయలేం.

మొదట అనుకున్న పరిష్కారం ఇంకో రెండు పైపులు. వద్దనుకున్నాం. పైపు ఎన్ని పెట్టినా నీటిని ఒకచోట పోగేసి వేగం పెంచుతుంది, పైగా చెత్త అడ్డం పడితే ఎవరూ తీయరు. రోడ్డునే మూడు చోట్ల నేల మట్టానికి దించి కాంక్రీటు వేశాం, ఒకటి సరిగ్గా కానుగ దగ్గర. వాన రోజు అరగంట బైకులు ఆగుతాయి, అంతే. దిగువన రాళ్లు పరిచి, గండిలో ప్రతి 5 మీటర్లకి విడి రాళ్లతో అడ్డుకట్టలు పేర్చాం. సిమెంటు వాడలేదు. రాళ్ల సందుల్లోంచి నీరు కారాలి, మట్టి ఆగాలి. ఆ తర్వాతి వానాకాలానికి గండి సగం పూడింది.

వాహనాల సెక్షన్ నుంచి "రోడ్డు ఎందుకు చెడగొట్టారు" అని కాగితం వచ్చింది. జవాబుగా గండి ఫోటో, పక్కన స్కేలు పెట్టి, పంపాం.

ఖర్చు ₹1,35,000. మొత్తం: ₹2,58,100. ప్లాన్ దశలోనే దించి ఉంటే ఇందులో పెద్ద భాగం రోడ్డు బడ్జెట్‌లోనే కలిసిపోయేది.

దశ 3: కుంటలు

పెద్ద కుంట: పైన 20 × 20 మీ., అడుగున 14 × 14 మీ., లోతు 3 మీ. ఘనపరిమాణం 876 ఘ.మీ. పొక్లెయిన్‌తో తవ్వకం ₹61,000.

అందులో స్కేలు పాతాం. ఒక వానలో 38 మి.మీ. పడింది. 6 ఎకరాల మీద అది 923 ఘ.మీ. కందకాలు నిండి 180 ఆపాయి, కుంటకి 270 చేరింది. మొత్తం 450, అంటే దాదాపు సగం పారింది. దశ 1లో వేసిన 30 శాతం అంచనా ఎర్రనేలకి చాలదు. ఎండకి పైన అట్ట కట్టిన నేల మీద తొలి వానలకి 50 శాతం వేసుకుని లెక్కించండి. పైరు కప్పు వచ్చాక తగ్గుతుంది.

నిండిన కుంట రోజుకి 9 సెం.మీ. దిగిపోయింది. ఎండకి అంత ఆవిరి కాదు, మిగతాదంతా ఇంకుతోంది. ఇక్కడ టీమ్‌లో పెద్ద వాదన. అడుగున చెరువు పూడిక మట్టి పరిచి తొక్కించాలని ఒకరు, ప్లాస్టిక్ షీటు వేయాలని ఇంకొకరు, ఇంకో బోరు వేస్తే పోలా అని మరొకరు. బోరు విషయంలో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి కావాలి, అది వచ్చినా కింద నీళ్లుండాలి. చివరికి పెద్ద కుంటని ఇంకుడు కుంటగానే వదిలేశాం, కారడాన్ని అడ్డుకోలేదు. దాని దిగువన 90 మీటర్ల దూరంలో ఉన్న పాత బోరుకి ఆ నీరు ఉపయోగమే. నిలవ కోసం విడిగా చిన్న కుంట తవ్వాం: పైన 12 × 12, అడుగున 6 × 6, లోతు 3 మీ., 252 ఘ.మీ. దానికి 500 మైక్రాన్ల షీటు, 240 చదరపు మీటర్లు × ₹95 = ₹22,800. తవ్వకం ₹18,000.

షీటు వేసేటప్పుడు:

1. అడుగున, పక్కల రాళ్లు, వేర్లు చేత్తో ఏరాలి. పైన 5 సెం.మీ. జల్లించిన మట్టి.
2. మధ్యాహ్నం ఎండలో పరచొద్దు. సాగి ఉన్న షీటు రాత్రికి ముడుచుకుని అతుకుల దగ్గర లాగేస్తుంది.
3. గట్టు మీద మీటరు దూరం దాకా తెచ్చి కాలువలో పూడ్చండి.
4. నాలుగు మూలలా ముడులు వేసిన తాళ్లు వేలాడదీయండి. పడినవాళ్లు షీటు మీద కాలూనలేరు, జారుతుంది. కంచె కూడా షీటు వేసే రోజే వేయాలి.

ఏప్రిల్‌లో ఈ కుంటలో రోజుకి 8 మి.మీ. ఆవిరైంది. నిండుగా ఉంటే రోజుకి 1,150 లీటర్లు ఎండకే పోయినట్టు. పైన నీడ వల వేద్దామని కొటేషన్లు తెప్పించి, ఆ ధర చూసి మానేశాం. నీటిని వేసవికి దాచడం కన్నా ఫిబ్రవరిలోపు పైరుకి, మొక్కలకి వాడేయడమే లాభం అని తేల్చుకున్నాం. నిండుగా కనపడే కుంట విజిటర్లకి బాగుంటుంది, నేలకి కాదు.

మొత్తం ఖర్చు: ₹3,59,900. జాగా: 1.80 + 8.76 + 2.52 = 13.08 లక్షల లీటర్లు.

దశ 4: తొమ్మిది ఎకరాల్లో నవధాన్యాలు

ఏపీలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. అందులోని వానలకు ముందే పొడి విత్తనాలు చల్లే పద్ధతి (అందరూ పీఎండీఎస్ అంటారు) మా నేలకి సరిపోతుందనిపించింది. నేలని ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉంచడం దీని ఉద్దేశం.

ఎకరానికి 12 కిలోల చొప్పున 108 కిలోలు: కొర్ర, సజ్జ, జొన్న, కంది, అలసంద, ఉలవ, పెసర, జనుము, నువ్వులు, ఆముదం, కొద్దిగా గోంగూర, ధనియాలు. పేరుకి నవధాన్యాలైనా, దొరికింది దొరికినట్టు కలిపాం.

మొదటి చల్లకం మే మూడో వారంలో. బీజామృతం (పేడ, మూత్రం, సున్నం కలిపిన విత్తన ద్రావణం) పట్టించి ఆరబెట్టి చల్లేశాం, మట్టి పూత సరిగ్గా లేదు. చీమలు గింజల్ని వరసగా మోసుకుపోతుంటే చూస్తూ ఉండటమే అయింది. తర్వాత 11 మి.మీ. చిన్న వాన పడి, గింజ ఉబ్బి మొలకెత్తే దాకా వచ్చి, తర్వాత ఎండ కాసింది. మీటరు చట్రం వేసి లెక్కిస్తే చదరపు మీటరుకి 9 మొక్కలు.

మార్చింది ఇది. పుట్టమట్టి, జల్లించిన ఘన జీవామృతం (కింద చెప్పే జీవామృతానికి పొడి రూపం), బూడిద కలిపి, గోనెసంచి మీద విత్తనాన్ని దొర్లిస్తూ మూడు పూతలు. పూత తడిగా ఉండగా ఎక్కువ వేస్తే రెండు మూడు గింజలు కలిసి ఉండలు కడతాయి, అందుకని ప్రతి పూతకి మధ్య నీడలో ఆరాలి. పూత పెట్టిన గింజ చిన్న వానకి మోసపోదు, గట్టిగా తడిస్తేనే కదులుతుంది. చల్లాక పైన వేరుశనగ పొట్టు, చెత్త పలచగా. జూన్‌లో రెండోసారి చల్లితే చదరపు మీటరుకి 31. పొట్టు అందని రెండెకరాల్లో 17 మాత్రమే.

జీవామృతం సంగతి. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో 48 గంటలు, రోజుకి రెండుసార్లు కలపాలి. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ ద్రావణం మీద క్యాంపస్‌లో రెండు పార్టీలు ఉన్నాయి: అంతా దానివల్లే అనేవాళ్లు, అదంతా భ్రమ అనేవాళ్లు. వాదించుకునే బదులు అరెకరం పట్టీలు మూడు తీసి ఒకే రోజు కొర్ర వేశాం.

- జీవామృతం + ఆచ్ఛాదన (నేల మీద గడ్డి, చెత్త కప్పు): 268 కిలోలు
- ఆచ్ఛాదన మాత్రమే: 259 కిలోలు
- రెండూ లేవు: 187 కిలోలు

నేలని కప్పి ఉంచడం వల్ల తేడా కళ్లకి కనపడుతోంది. జీవామృతం వల్ల వచ్చిన 9 కిలోలు మాత్రం పక్కపక్క పట్టీల నేల తేడా వల్ల కూడా రావచ్చు. మూడు పెద్ద పట్టీలతో ఇంతకన్నా ఏమీ చెప్పలేం, అందుకే తర్వాతి సీజన్ నుంచి పన్నెండు చిన్న మళ్లుగా చేసి, ఏ మడికి ఏది అన్నది చీట్లు వేసి తీశాం. ఆ ఫలితాలు కోత అయ్యాక. రెండు పార్టీలవాళ్లూ ఈ పట్టీల అంకెలు తమకే అనుకూలం అంటున్నారు, అది వేరే విషయం.

రెండో సీజన్ తర్వాత పైపు పరీక్ష: 19 నుంచి 7 నిమిషాలకి దిగింది. సేంద్రియ కర్బనం 0.28 నుంచి 0.34. ఈ రెండోది పోస్టర్ మీద వేసుకోవాలని చాలామందికి ఆత్రం, కానీ నమూనా తీసిన చోటు కాస్త మారినా అంత తేడా వస్తుంది. ఇంకో మూడేళ్లు అదే 12 చోట్ల తీశాకే మాట్లాడదాం అని ఆపాను.

విత్తనం 108 × ₹95 = ₹10,260. దుక్కి, పూత, కూలి ₹24,000. రెండోసారి చల్లకం ₹7,740. మొత్తం: ₹4,01,900.

దశ 5: చెట్లు

మొదటి వానాకాలంలో 600 మొక్కలు. ఒక్కోటి ₹40, మనిషంత ఎత్తువి, ఫోటోకి బాగుండేవి. మే చివర లెక్క: బతికినవి 214. అంటే 36 శాతం.

చచ్చినవాటిని పీకి వేర్లు చూశాం. ఇది తప్పకుండా చేయండి, పాఠం అంతా అక్కడే ఉంది. చాలావాటికి కవరులోనే వేరు చుట్టలు చుట్టుకుపోయి ఉంది, నాటాక కూడా కిందికి దిగలేదు. ఇంకొన్నిటికి కాండం చుట్టూ వేసిన ఎండుగడ్డిలో చెదలు చేరి బెరడు తినేశాయి. మేకలు తిన్నవి అందరూ అనుకున్నంత లేవు, మొత్తం చచ్చినవాటిలో ఐదో వంతు కూడా కాదు. అయినా కమిటీలో నెపమంతా మేకల మీదే పడింది. ఊరి మేకలు ఎప్పటినుంచో నడిచే దారిని కంచెతో మూసేస్తే ఎక్కడో ఒకచోట కంచె తెగుతుంది. దారిని వదిలేసి, దానికి రెండు పక్కలా కంచె వేయించాం, తెగడం ఆగింది.

రెండో ఏడాది పద్ధతి:

1. మొక్క మోకాలి ఎత్తు దాటకూడదు. కవరు విప్పి వేరు చుట్టుకుని ఉంటే నర్సరీకే వాపసు.
2. వేప, కానుగ, సీతాఫలం విత్తనాలు నేరుగా కందకాల దిగువ కట్ట మీద. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లోపే వేయాలి, ఆ తర్వాత మొలకెత్తే శక్తి వేగంగా పడిపోతుంది.
3. ఎండుగడ్డి కాండానికి జానెడు దూరంలో ఆపాలి.
4. గుంతలో ఎర్రమట్టినే తిరిగి వేయండి. ఎరువు నింపితే వేరు ఆ గుంత దాటి బయటికి రాదు.
5. నీళ్లు రోజూ కాస్త పోయడం కన్నా పది రోజులకోసారి బకెట్ నిండా.

నాటినవి 250, బతికినవి 191, అంటే 76 శాతం. గింజల ద్వారా వచ్చినవి ఈ లెక్కలో లేవు.

నాటకుండా వచ్చినవి అన్నిటికన్నా ఎక్కువ. బీడులో 5 ఎకరాలు కంచె వేసి, నిప్పు పడకుండా చుట్టూ మూడు మీటర్ల పట్టీ చెక్కి వదిలేశాం. పాత మొదళ్ల నుంచి తంగేడు, రేగు, వేప చిగిర్చాయి. ఇదేం మా కనిపెట్టుడు కాదు. మా ఉమ్మడి జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990 నుంచి చేసి చూపించినదే: నిప్పుని, మేపుని ఆపితే చాలావరకు నేల తన పని తాను చేసుకుంటుంది. యూనివర్సిటీలో దీనికున్న ఇబ్బంది ఒక్కటే, "ఎన్ని మొక్కలు నాటారు" అన్న కాలమ్‌లో సున్నా రాయాలి.

మొదటి విడత ₹70,000, రెండో విడత కంచెతో కలిపి ₹38,000. మొత్తం: ₹5,09,900.

దశ 6: హాస్టల్ మెస్ నుంచి వచ్చేవి

120 మంది పిల్లలు. రోజుకి 40 కిలోల దాకా అన్నం, కూరగాయల తొక్కలు. 6 ఘ.మీ. బయోగ్యాస్ ప్లాంటు పెట్టి, 40 కిలోలకి 40 లీటర్ల నీళ్లు కలిపి పోస్తున్నాం. మొదట పేడ ద్రావణంతో నింపి, గ్యాస్ మండడం మొదలయ్యాకే మెస్ వ్యర్థాలు మెల్లగా పెంచాలి. పండగ సెలవుల ముందు మెస్‌లో మిగిలిందంతా, పెరుగన్నం, రసం, నిమ్మచెక్కలు, పులిహోరతో సహా, ఒకేరోజు పోసేశారు. పీహెచ్ 5.6కి పడింది, గ్యాస్ వస్తోంది కానీ మండదు. మేత ఆపేసి, పలచటి సున్నపు తేట కొద్దికొద్దిగా, రోజూ రెండు బకెట్ల తాజా పేడ పోస్తూ 6.9కి తెచ్చేసరికి నెల దగ్గర పడింది. ఇప్పుడు నిమ్మ, పులుపు, నూనె విడి డబ్బాలో కంపోస్టుకి. మెస్ అక్కలు ముందు విసుక్కున్నారు, "మాకు అంట్లే చాలవా, ఇప్పుడు చెత్త కూడా వేరుచేయాల్నా సార్" అని. డబ్బాల మూతల రంగులు మార్చి, బరువు తూచే పని పిల్లలకి అప్పగించాక సర్దుకుంది.

గ్యాస్ రోజుకి 3.2 నుంచి 3.6 ఘ.మీ. ఒక ఘ.మీ. దాదాపు 0.45 కిలోల ఎల్‌పీజీతో సమానం కాబట్టి, నెలకి 19 కిలోల సిలిండర్లు రెండుకి కాస్త ఎక్కువ ఆదా. మెస్ మొత్తం దీనిమీద నడుస్తుందని ఎవరైనా బ్రోచర్‌లో రాస్తే నమ్మకండి.

స్నానాల, మెస్ నీరు రోజుకి 5,400 లీటర్లు. దాన్ని మొక్కలు నాటిన కంకర మడిలోంచి పంపి శుభ్రం చేస్తున్నాం. రెండు రోజులు నిలవాలి, కంకరలో ఖాళీ 40 శాతం, అంటే 27 ఘ.మీ. మడి: 15 × 3 × 0.6 మీ. కంకర నింపి మెట్టతామర, వట్టివేరు నాటాం. మూడో నెలలో మొదటి మీటరు కంకర జిడ్డుతో మూసుకుపోయి నీరు పైకి పొంగింది. జిడ్డు తొట్టి ఉంది కానీ చిన్నది, పైగా వేడి నీళ్లు నేరుగా వస్తుంటే నూనె గట్టిపడకుండానే దాటిపోతోంది. రెండు గదుల తొట్టి కట్టి, నీరు చల్లారాకే రెండో గదిలోకి దిగేలా చేశాం. జిడ్డు తీసే రోజు సోమవారం, పేర్ల చార్టు గోడ మీద. చార్టు లేకపోతే తొట్టి లేనట్టే. బయటికొచ్చిన నీరు అరటికి, పశుగ్రాసానికి వెళ్తోంది, ఆకుకూరలకి ఇవ్వడం లేదు.

ప్లాంటు ₹1,60,000, మడి ₹1,12,000, తొట్టి మార్పు ₹14,000. మొత్తం: ₹7,95,900.

దశ 7: తాగునీరు (నడుస్తోంది)

పాత బోరు నీటిమట్టం రెండు వానాకాలాల తర్వాత కాస్త పైకొచ్చింది. కానీ ఫ్లోరైడ్ లీటరుకి 2.1 మి.గ్రా., తాగునీటికి గరిష్ఠం 1.5. ఇప్పుడు డబ్బా నీళ్లు కొంటున్నారు. పర్యావరణ క్యాంపస్‌లో రోజూ ఆటోలో ప్లాస్టిక్ డబ్బాలు దిగడం చూడలేకపోతున్నాం.

హాస్టల్ కప్పు 600 చ.మీ. 550 మి.మీ. వానలో 80 శాతం పట్టినా 2.64 లక్షల లీటర్లు. తాగడానికి, వంటకి మనిషికి 4 లీటర్లు, 120 మందికి ఏడాదికి 1.75 లక్షలు. సెలవులు కలపకపోయినా సరిపోతుంది. డిసెంబరు నుంచి మే దాకా వాన లేదనుకుంటే 180 రోజులు × 480 = 86,400 లీటర్లు, కాబట్టి 90,000 లీటర్ల ఫెర్రోసిమెంట్ (ఇనుప జాలీ మీద సిమెంటు పూత) తొట్టి. తక్కువ వాన పడే ఏడాదికి 400 మి.మీ. వేసి చూసినా 1.92 లక్షలు వస్తాయి.

ఆగింది కప్పు దగ్గర. వాలు ఉత్తరానికి పోసేశారు, తొట్టికి జాగా దక్షిణాన ఉంది. పైన మళ్లీ వాలు పోయాలా, 46 మీటర్ల పైపు చుట్టూ తిప్పాలా అన్న దాని మీద రెండు కొటేషన్లు వచ్చాయి. పైపుకే మొగ్గు, ఎందుకంటే కప్పు మీద ఇంకో పొర కాంక్రీటు బరువు స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోలేదు. తొలి వాన నీరు బయటికి వదిలే ఏర్పాటు చ.మీ.కి 2 లీటర్ల లెక్కన 1,200 లీటర్లకి డిజైన్ చేశాం. రెండో హాస్టల్ బ్లాకు డ్రాయింగులు వచ్చే నెల వస్తాయట, ఈసారి కప్పు వాలు ఎటు పోవాలో బాణం గీసి, కానుగ చెట్టు దగ్గరి పల్లం కూడా గుర్తు పెట్టి, ముందే పంపేశాం.